నల్లపొగ పోయాక

"అవ్వ కండ్లు పోయినాయి నాయనా. ఇంకా ఎన్ని దినాలు కాననట్టు ఉంటావు?"

షాకిర్ ఆ మాట వాళ్ల నాయన సుభాన్‌తో అన్నాడు కానీ, వాకిట్లో ఉన్నవాళ్లందరికీ వినబడేటట్టే అన్నాడు. వినవలసిన మనిషి రంగు కాచే రాగిబాన పక్కన పీట మీద కూర్చుని ఉంది. చాంద్‌బీ చేతులకు మోచేతుల దాకా ఏ కాలం నాటి రంగులో పట్టి, ఇక సొంత రంగంటూ లేకుండా పోయింది. మనవడి మాట తనది కానట్టు ఆమె పొయ్యిలో బూడిద కెలుకుతోంది.

నులక మంచం మీద హిందూపురం నుంచి వెనక్కి వచ్చిన పట్టు పోగుల కట్టలు, చిలపలు, పరిచి ఉన్నాయి. వంగపండు రంగు అద్దమని వచ్చిన పట్టు అది. వాన చీకట్లో మూట కట్టి పంపడంతో ఈ ఇంట్లో ఎవరూ విప్పి చూసుకోలేదు. ఇప్పుడు చూస్తే ప్రతి చిలపా పైసగం వంగపండు, కిందిసగం పాత ఇటుక.

"నేను ఎవర్నీ ఏమీ అనలేదప్పా," అన్నాడు ఓబుళప్ప. హిందూపురంలో మగ్గాలు పెట్టి చీరలు నేయించే మనిషి. ధర్మవరంలో ఈ ఇంటి రంగు తప్ప ఇంకో ఇంటి రంగు ముట్టడు. పొద్దున ప్యాసింజరుకు మూట తనే మోసుకుని వచ్చాడు. "మగ్గానికి ఎక్కించేకి ముందర మా ఈరన్న విప్పి చూసినాడు కాబట్టి సరిపోయింది. నేసినాక అయింటే నా గతేంది, చెప్పు సుభానన్నా?"

సుభాన్ బీడీ ముట్టించాడు. ఆయన కోపానికీ, ఆలోచనకూ, దిగులుకూ ఒకటే బీడీ. ముట్టించాడంటే ఆ మూడింటిలో ఏదో ఒకటి అనుకోవలసిందే.

"బానలో చిలపలు తిప్పేటప్పుడు కిందసగం సరిగ్గా మునగలేదు," అన్నాడు షాకిర్. "మునగనిది అవ్వకు కానరాలేదు. అంతే కత. ఎవరి తప్పూ కాదు, వయసు. రేపట్నుంచి బాన నస్రీన్ చూసుకుంటాది."

నస్రీన్ షాకిర్ భార్య. వంటింటి గడపలో నిలబడి, కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. మొగుడు తనకు పదవి ఇచ్చినందుకు ఆమె ముఖంలో సంతోషమేమీ కనబడలేదు.

"నాకు రాదు," అంది.

"రాకేమి? ఇన్నేండ్లు పక్కన నిలబడి కట్టె తిప్పలేదా?"

"కట్టె తిప్పేది వేరే. రంగు కలిపేది వేరే."

అప్పుడు చాంద్‌బీ బూడిద కెలకడం ఆపింది. "బాన తావ నుంచి లేపితే నన్ను యాడ కూర్చోబెడ్తావురా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. నిజంగానే ఆ చోటు ఏదో తెలుసుకోవాలని అడిగినట్టుంది.

మంచం మీద, నీడలో, మూడు పూటలా అన్నం అని షాకిర్ చెప్పగలడు కానీ అది జవాబు కాదని అతనికీ తెలుసు.

"పెనుకొండలో కంటి ఆపరేషన్లు చేస్తాండారు అవ్వా," అన్నాడు కొంచెం మెత్తబడి. "బాబావలి ఆడనే ఉండాడు గదా, నస్రీన్ వాళ్లన్న. చెయ్యి పట్టుకుని పిలుచుకుపోతాడు, పిలుచుకొస్తాడు."

"పక్కవీధి చౌడమ్మ పోయింది గదా అట్లనే. ఒక కన్నుతో పోయి, అర కన్నుతో వచ్చె. నా కండ్లకు ఏమీ కాలేదు. పెనుకొండకు నేను బాబయ్య దర్గాకు పోతా, ఇంకేమిట్కీ పోను."

ఈ సంవాదం అంతా సుమయ్య ఇంజను గది వాకిట్లో నిలబడి వింటోంది. సుభాన్ కూతురు. బెంగుళూరులో కరెంటు ఇంజనీరింగులో పరిశోధన చేస్తూ, ఈ వానాకాలం మొదలవుతూనే పెట్టెల నిండా సామాను వేసుకుని ఇంటికి వచ్చింది. ఆ సామానే ఇప్పుడు ఇంజను గదిలో గోడకు బిగించి ఉంది.

రెండు వేల అయిదులో ధర్మవరంలో కరెంటు ఎప్పుడు పోతుందో అందరికీ తెలుసు, ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకని పొయ్యికి గాలి కొట్టే బ్లోయరూ, నీళ్ల మోటారూ డీజిల్ ఇంజను మీదే నడుస్తాయి. ఇంజను కక్కే నల్లమసి వచ్చి తడి చిలపల మీద వాలేది. ఎన్నిసార్లు ఉతికినా ఆ చుక్కలు పోయేవి కావు. చిన్నప్పటి నుంచీ ఆ చుక్కల మీద ఇంట్లో జరిగే పోట్లాటలు వింటూ పెరిగిన పిల్ల, పెద్దయి అదే పొగ మీద చదువు చదువుతోందంటే వింతేమీ లేదు.

ఆమె బిగించింది సీసా గొట్టాల వరస. ఒక్కో గొట్టం లోపల ఇనుప కడ్డీ, బయట రాగి జాలి. దానికి వేల ఓల్టుల కరెంటు కొడితే లోపల ఊదారంగు వెలుగు పుడుతుంది. దాన్ని ప్లాస్మా అంటారని సుమయ్య ఇంట్లో అందరికీ చెప్పింది. ఇంట్లో అందరూ దాన్ని మెరుపుసీసా అంటారు. ఇంజను పొగ ఆ వెలుగులోంచి దూరి బయటికి వచ్చేసరికి మసి గొట్టాలకే అంటుకుపోతుంది, ఆకాశంలోకి పోయేది తేటగాలి. ఎదురింటి మల్లప్ప పొగ విషయంలో పోట్లాడి ఏళ్ల తరబడి మాటలు మానేసిన మనిషి. ఇంజను గొట్టంలోంచి నల్లపొగ ఆగిన వారంలోనే వచ్చి సుభాన్‌ను టీకి పిలిచాడు. ఆ టీ గురించి సుభాన్ బజారంతా చెప్పుకున్నాడు.

సుమయ్య మంచం దగ్గరికి వచ్చి ఒక చిలప తీసింది. ఇటుకరంగు మొదలైన చోటు చూసింది. అన్ని చిలపలకూ కిందివైపే, దాదాపు ఒకే ఎత్తులో మొదలయింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పిడుగు పడిన తర్వాత వచ్చే వాసన లాంటిది, దాని వెనక ముక్కును గుచ్చే ఘాటు. ఆ వాసన ఆమెకు ల్యాబులో రోజూ పరిచయమే.

"నాయనా, ఈ చిలపలు యాడ ఆరేసినారు?"

"యాడేంది? ఇంజను గొట్టం మీద." సుభాన్ బీడీ తీసి, ఉదయం నుంచి మొదటిసారి ముఖం విప్పాడు. "వాన పట్టుకునె గదమ్మా, లోపల ఆరవాయె. నీ మిషను వచ్చినాక ఆడ మసి లేదు, వెచ్చని గాలి. నేనే వెదురు బొంగులు కట్టినా. రెండు రాత్రులు, ఒక పగలు. ఎంత బాగ ఆరినాయనుకున్నావు!"

ఎంత ముద్దుగా చెప్పాడంటే సుమయ్య ఆయన ముఖం చూడలేక చిలపను మంచం మీద పెట్టేసింది. నల్లపొగ వచ్చే రోజుల్లో ఈయన ఆ గొట్టం ఛాయలకు ఒక్క చిలపను పోనిచ్చేవాడు కాదు. కూతురు మీద నమ్మకంతోనే బొంగులు కట్టాడు.

ఆమె షాకిర్ సెల్‌ఫోను అడిగి తీసుకుని ఇంజను గది వెనక్కి పోయింది.

బెంగుళూరులో ఆమె చదువు చూసే శంకరప్ప సారు మడకశిర పక్క మనిషి. కన్నడమూ తెలుగూ కలిపి మాట్లాడతాడు. కోపం వస్తే మాత్రం తెలుగే.

"పొగ పోయిందామ్మా?"

"పోయింది సార్. మసి లేదు."

"రెండో డబ్బా?"

సీసా గొట్టాల తర్వాత గుళికలు నింపిన డబ్బా ఒకటి ఉండాలి. ఇంజను పొగలో కంటికి కనబడని వాయువు ఉంటుంది. మెరుపు దాన్ని ఇంకా ఘాటైన వాయువుగా మారుస్తుంది. మారిన దాన్ని ఆ గుళికలు పీల్చుకోవాలి. సుమయ్య తెచ్చింది, పెట్టింది. పెడితే పొగ పోవడానికి దారి ఇరుకై ఇంజను రొప్పింది, బ్లోయరు ఆగి ఆగి తిరిగింది, షాకిర్ గొణిగాడు. డబ్బా తీసి చూస్తే, అది లేకపోయినా పొగ నల్లగా లేదు. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అనుకుంటూ ఉండిపోయింది.

"తీసినాను సార్. ఇంజను లాగలేకపోతాండె."

"అట్లయితే నువ్వు ఆ గ్యాసును పోగొట్టలేదమ్మా. మార్చినావు, అంతే. ఇంకా చెడ్డదాన్ని చేసినావు."

"తెలుసు సార్."

"ఆ గాలి యాడికి పోతాండాది?"

"పైకి పోతాండాదనుకున్నా సార్. మా నాయన దాని మీద పట్టు ఆరేసినాడు. రంగు తినేసింది."

"తింటాది," అన్నాడు ఆయన. "రంగునే తింటే ఊపిరితిత్తుల్ని ఏం చేస్తాదో నేను చెప్పల్నా? ముందు ఆపు. గాలి కొలిచే మీటరు తీసుకుని ఆదివారం నేను వస్తా. ఇంట్లో వాళ్లకు నువ్వే చెప్పు. నేను వచ్చి చెప్తే బాగుండదు."

మధ్యాహ్నం సంగటి దగ్గర చెప్పింది. ఓబుళప్ప కూడా ఉన్నాడు. సాయంత్రం బండి వరకూ ఉండిపొమ్మని సుభాన్ బలవంతం చేశాడు.

సుమయ్య ఏమీ దాచకుండా చెప్పింది. డబ్బా తీసింది తనే. రంగు తిన్నది తన మిషను. అవ్వ కండ్లకూ దీనికీ సంబంధం లేదు.

ఎవరూ ముద్ద కలపలేదు. బయట తుంపర పడుతోంది, రేకుల మీద చప్పుడు సన్నగా వినబడుతోంది.

"మసి లేదు గదా?" అన్నాడు సుభాన్.

"మసి లేదు నాయనా. కానీ..."

"పొగ కనబడ్తాండాదా?"

"కనబడదు."

"కనబడనిది వచ్చి పట్టు మీద రంగు తినిందా?" సుభాన్ నవ్వడానికి చూశాడు, కుదరలేదు. "మల్లప్ప కూడా చూసి పోయినాడు. తేటగాలి. నేను చెయ్యి పెట్టి చూసినా, వెచ్చగా ఉండాది. నా బిడ్డ మిషను మంచిది. నువ్వు ఊరికే..."

"నీ బిడ్డే చెప్తాంది గద నాయనా, మంచిది కాదని," అన్నాడు షాకిర్. చెల్లెలి వైపు తిరిగాడు. "నాకు అర్థమయిందిలే. అవ్వను అన్నానని నీకు బాధ. అవ్వను కాపాడేకి నీ మీద ఏసుకుంటాండావు. చదువుకున్నదానివి, కత బాగనే అల్లినావు."

"కత కాదన్నా."

"అయితే నీ మిషను వచ్చినాక ఎన్ని బానల చిలపలు పోయినాయి ఈ ఇంటి నుంచి? అన్నీ చెడిపోయినాయా? ఓబుళప్పన్నా, నువ్వు చెప్పు. పోయిన నెల పట్టు యట్లుండె?"

"బాగుండె," అన్నాడు ఓబుళప్ప, ఇద్దరి మధ్యలో ఇరుక్కుపోయి. "రంగు సరిగ్గా కుదిరె."

"అవి ఎండలో ఆరినవి," అంది సుమయ్య. "వాన పట్టినాకనే నాయన గొట్టం మీద బొంగులు కట్టె. అడుగు."

షాకిర్ అడగలేదు. అడిగితే తను ఓడిపోతాడని కాదు, అవ్వను బాన దగ్గర నుంచి లేపాలని అతను ఎప్పుడో అనుకున్నాడు. పొయ్యి దగ్గర ఆ ముసలి ప్రాణం తూలి మరిగే నీళ్లలో పడుతుందేమోనని అతని భయం. ఆ భయాన్ని భయంగా చెప్పడం చేతగాక కోపంగా చెబుతాడు. ఇంట్లో వాళ్లందరికీ ఇది తెలుసు, చాంద్‌బీకి కూడా.

"అయితే చూద్దాం," అంది సుమయ్య. "ఒక చిలప తీసుకుందాం. అవ్వ రంగు వేస్తాది. దాన్ని రెండుగా విడదీసి, ఒకటి ఇంజను గొట్టం మీద, ఒకటి లోపల అర్రలో ఆరేద్దాం. పొద్దు వాలేలోపల తెలిసిపోతాది."

"లోపల ఇంతసేపట్లో యాడ ఆరుతాది?" అన్నాడు షాకిర్.

"ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ వేసి ఆరబెడ్తా. రంగు తెలిసేకి అది చాలు."

"ఏమిట్కి పాపా ఇదంతా?"

ఆ మాట అన్నది నస్రీన్. అందరూ ఆమె వైపు చూశారు. అడిగితే తప్ప మాట్లాడని మనిషి. అడిగినా సగమే మాట్లాడుతుంది.

"నువ్వు చెప్పినావు, మేం నమ్మినాం. మిషను ఆపేద్దాం. ఓబుళప్పన్న పట్టుకు మళ్లీ రంగేసి ఇద్దాం. దీనికి పరీక్ష ఏమిట్కి?"

"నువ్వు నమ్మినావు వదినా. అన్న నమ్మలేదు."

"ఆయప్ప నమ్మకపోతే పోనీ. నేను అవ్వను పెనుకొండకు పిలుచుకుపోతాలే. కండ్లు చూపించుకుని వస్తాం, బాబయ్య దర్గాకూ పోయి వస్తాం. అవ్వా, పోదామా?"

"కండ్లు బాగుంటే చూపించేదేందే?" అంది చాంద్‌బీ. ఆమె అప్పటికే చెయ్యి కడుక్కుని లేచింది. లేవడంలో ఈ మధ్య కనబడని చురుకు. "బాన వేడి పెట్టండి. మనవరాలు అడిగింది గదా."

సుమయ్య ఇంకో మాట కూడా అంది. అది అనకుండా ఉంటే బాగుండేదని ఆ సాయంత్రం ఆమెకే తోచింది కానీ, అన్నప్పుడు మాత్రం ల్యాబులో నేర్చుకున్న పద్ధతి అది, న్యాయమైన మాట.

"అవ్వ ఒక్కతే చేయాల. ఎవురూ చెయ్యి పెట్టకూడదు. వదిన కూడా. లేకుంటే అన్న రేపు, నస్రీన్ సాయం చేసింది అంటాడు."

"అంటా," అన్నాడు షాకిర్.

నస్రీన్ సంగటి గిన్నెలు ఎత్తుకుని లోపలికి పోయింది. ఒక గిన్నె జారి పడింది. ఆమె వంగి తీసుకోలేదు. కొంచెం సేపు అక్కడే నిలబడి, తర్వాత తీసుకుంది.

చాంద్‌బీ రంగు కలపడం చూడటం సుమయ్యకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. తూకాలు లేవు, చెంచాలు లేవు. ఎర్రపొడి ఒక చిటికెడు, నీలిపొడి ఒక చిటికెడు, గంటెలో నీళ్లు, ఆ నీళ్లు వెలుగుకు ఎత్తిపట్టి చూడటం, మళ్లీ ఒక చిటికెడు. ఈ రోజూ అదే వరస, నీళ్లలో పడేదాకా రెండు పొడులూ నల్లగానే కనబడతాయి. గంటె వెలుగుకు ఎత్తిపట్టేటప్పుడు అవ్వ ముఖం కొంచెం పక్కకు తిప్పుతోందని సుమయ్య గమనించింది. ఆవిరి తగులుతోందేమో అనుకుంది.

నస్రీన్ వంటింటి గడపలోనే ఉంది. ఆమె చూపు గంటె మీదే ఉంది. రెండుసార్లు ముందుకు అడుగు వేసి ఆగిపోయింది. షాకిర్ బానకు అటుపక్క చేతులు కట్టుకుని కావలి ఉన్నాడు.

చిలప బానలో మునిగింది, పైకి వచ్చింది, తిరిగింది. అవ్వ చేతులు ఎక్కడా తడబడలేదు. కిందిసగం, పైసగం అన్న తేడా లేకుండా రంగు సమంగా పట్టింది. షాకిర్ ఆ సంగతి చూసి కట్టుకున్న చేతులు విప్పాడు. మునగలేదన్న మాట అక్కడికక్కడే వీగిపోయింది.

తడిలో ప్రతి రంగూ నల్లగానే ఉంటుంది. అద్దకం ఇళ్లల్లో తడి రంగును చూసి ఎవరూ మంచీ చెడ్డా అనరు.

చిలపను పిండి, రెండుగా విడదీసి, ఒక సగాన్ని సుభాన్ చేతికి ఇచ్చారు. ఇంజను ముట్టించారు. ఆయన బొంగుకు చిలప తగిలించి గొట్టం మీదుగా కట్టాడు. నాలుగు రోజుల కింద ఎంత సంబరంగా కట్టాడో ఈ రోజు అంత నిదానంగా కట్టాడు. సుమయ్య అందరినీ గోడకు ఇవతలికి పంపి, ఇంజను గది తలుపు మూసింది. రెండో సగాన్ని చాంద్‌బీ తనే లోపలికి తీసుకుపోయింది. సుమయ్య ఇస్త్రీ పెట్టె పట్టుకుని వెంట పోబోతే వద్దని, పెట్టె తనే తీసుకుంది.

"నా పట్టును నేను ఆరబెట్టుకుంటా. నువ్వు నీ మిషను చూసుకోపో."

తుంపర ఆగింది. మబ్బు పలచబడి, వాకిట్లోకి తెల్లటి వెలుతురు వచ్చింది. రంగు చూడటానికి ఎండ కన్నా ఆ వెలుతురే మంచిది. ఇంజను ఒక్కటే కొట్టుకుంటోంది. ఓబుళప్ప రైలు టైము గురించి ఒకసారి అడిగాడు, తర్వాత అడగలేదు.

పొద్దు గోడ దిగేసరికి సుమయ్య ఇంజను ఆపింది. సుభాన్ పోయి బొంగు దించుకొచ్చాడు. చిలపను విప్పి కూతురి చేతికి ఇవ్వకుండా కొడుకు చేతికి ఇచ్చాడు. కింది కొసలు, గొట్టానికి దగ్గరగా ఉన్నంత మేరా, రంగు పోయి మట్టిరంగు తిరిగాయి; పైది ఇంకా తడి ఆరక నల్లగానే ఉంది. పట్టుకుని చూస్తే పోగులు కూడా పెళుసుగా ఉన్నాయి.

సుభాన్ గొట్టం వైపు ఒకసారి చూసి, అరుగు మీద కూలబడ్డాడు. బీడీ తీశాడు కానీ ముట్టించలేదు.

"సరే," అన్నాడు షాకిర్. అతనికి క్షమాపణ చెప్పడం రాదు. "సరేలే. మునగలేదన్న మాట తప్పే. అవ్వా! యాడుండావు? నీదే గెలుపు, రా."

సుమయ్యకు ఏడుపు వచ్చినంత పని అయింది. తన మిషను ఓడిపోయింది, నెలల పని మళ్లీ మొదటికి వచ్చింది, ఆదివారం సారు ముందు తల దించుకోవాలి. అవన్నీ ఉన్నా, అవ్వ మళ్లీ పీట మీద కూర్చుంటుందన్న ఒక్క సంగతి ఆమెకు అంతకన్నా పెద్దదిగా అనిపించింది.

చాంద్‌బీ లోపలి అర్ర నుంచి వచ్చింది. రెండో సగాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద పెట్టుకుని వచ్చి, వాకిట్లో వెలుతురులో నిలబడింది. నవ్వుతోంది.

"చూసినారా? ఇదీ వంగపండు."

ఓబుళప్ప ముందుకు వచ్చాడు. జేబులోంచి మచ్చు పోగు తీశాడు. పాత చీర కొంగులోంచి తీసిన వంగపండు పోగు. దాన్ని చిలప పక్కన పెట్టి చూశాడు. మచ్చును అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. తర్వాత దాన్ని మళ్లీ జేబులో పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెనక్కి జరిగాడు.

మచ్చు లేకపోయినా తెలుస్తుంది. అవ్వ చేతుల్లో ఉన్నది నీలం. సిరాబుడ్డి ఒలికిపోయినంత నీలం. అందులో ఎరుపు అన్నదాని జాడ లేదు. మచ్చ లేదు, చార లేదు, కొస నుంచి కొసకు ఎంతో సమంగా పట్టిన చక్కటి నీలం.

సుమయ్య నస్రీన్ వైపు చూసింది. నస్రీన్ తల వంచుకుని ఉంది.

"వదినా?"

"అందుకే వద్దంటి," అంది నస్రీన్, పక్కనున్న సుమయ్యకు తప్ప వినబడనంత సన్నగా. "సంవత్సరం మీద అయింది అవ్వకు నీలానికీ ఎరుపుకీ తేడా తెలియక. ఎరుపనుకుని నీలమే వేస్తాది. కట్టె తిప్పేటప్పుడు నేనే ఎరుపు కలిపేదాన్ని. అవ్వకు తెలియదు. ఎవురికీ తెలియదు. ఈ పొద్దు నన్ను రానిస్తిరా?"

సంవత్సరం మీదుగా ఈ ఇంట్లోంచి పోయిన ప్రతి వంగపండు చిలపా సుమయ్య కళ్ల ముందర కదిలింది. వాటి గురించి అవ్వను మెచ్చుకున్న మాటలన్నీ వినబడ్డాయి. ఆ మాటలన్నీ గడపలో నిలబడి విన్న మనిషి ఇప్పుడు పక్కనే, తల వంచుకుని ఉంది.

షాకిర్ చిలపను చూస్తున్నాడు. పొద్దున అంత గట్టిగా అన్న మాటను ఇప్పుడు అనడానికి అతనికి నోరు రాలేదు.

చాంద్‌బీ ఒక్కొక్కరి వైపే ముఖం తిప్పుతోంది. "ఏమి, ఎవురూ పలకరు? ఓబుళప్పా, పోయినావా బండికి?"

"ఈడనే ఉండా అవ్వా."

"మరి? మచ్చుకు సరిపోయిందా?"

ఓబుళప్ప సుభాన్ వైపు చూశాడు. సుభాన్ అరుగు మీద నుంచి లేచి వచ్చాడు. తల్లి చేతుల్లోని నీలాన్ని చూశాడు, కోడలి వంచిన తలను చూశాడు. ఆయనకు ఎంత అర్థమైందో చెప్పలేం. మధ్యాహ్నం మిషను మంచిదన్న మాట ఆయనే అన్నాడు, తల్లి కండ్లు మంచివన్న మాటా ఆయనే నమ్మాడు. ఇప్పుడు ఏదీ తన నోటితో అనే ధైర్యం ఆయనలో మిగల్లేదు.

"నేను చెప్పనమ్మా," అన్నాడు తల్లితో. "పరీక్ష పెట్టింది సుమయ్య. ఆ పిల్లనే చెప్పనీ."

చాంద్‌బీ తల ఊపింది. ఆమెకు అది న్యాయంగానే తోచింది. రెండడుగులు వేసి, ఇందాక వదినా అన్న గొంతు వినబడిన దిక్కుగా చెయ్యి చాపి, మనవరాలి చెయ్యి వెతికి పట్టుకుని, అందులో ఆ చిలపను పెట్టింది.

"చెప్పు పాపా," అంది. "నీ మాటయితే అందరూ ఇంటారు."